కల్లంలో లావు తీగ

మార్చి 8, ఆదివారం

ఇవాళ కూడా ఎవరికీ వినపడలేదు.

నరసరావుపేటలో రిసెప్షన్. భోజనాలు మొదలైన దగ్గర్నుంచి ఆఖరి పంక్తి లేచేదాకా నిలబడి వాయించాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. కీబోర్డు వినిపించింది, డ్రమ్ములు వినిపించాయి, ఆఖరికి పెళ్ళికొడుకు మేనత్త వడ్డించేవాళ్ళని తిట్టిన తిట్లు కూడా మైకులో వినిపించాయి. నా బాస్ గిటారు ఒక్కటే వినపడలేదు. ఎలా వినపడుతుంది? మైకుసెట్టు వాళ్ళ బాక్సుల్లో అంత కింది స్వరం పలకదు. జలుబు చేసినవాడు గొణిగినట్టు ఏదో వస్తుంది, అంతే. బాస్‌కి స్వరాన్ని పెంచే దాని సొంత యాంపు, దాని సొంత పెద్ద బాక్సు ఉండాలి. ఇంజనీరింగ్ హాస్టల్ ఖాళీ చేసి పోతున్న పిల్ల దగ్గర ఈ గిటారు కొన్నప్పుడు, గిటారుంటే చాలనుకున్నాను. ఎంత తెలివో నాది!

సామాను సర్దుతుంటే మెహర్ అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. బ్యాండు అతనిది. కీబోర్డు వాయించేదీ అతనే. మెత్తగా మొదలుపెట్టాడంటే లోపల ఏదో ఉన్నట్టే.

"ఫెబా, ఏమనుకోకు. నువ్వు వాయించేదంతా నా ఎడమ చేత్తో కీబోర్డులో వచ్చేస్తుంది. జనానికి తేడా తెలీదు."

"తెలుస్తుంది."

"ఇవాళ ఎవరికి తెలిసిందో చెప్పు."

గిటారుని సంచిలో పెట్టి జిప్పు లాగాను.

"ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన మనకొచ్చింది. మీ చర్చి వెనక పొలాల్లోనే. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి. ఆ రోజుకి నీ సౌండు నువ్వు తెచ్చుకో. తెచ్చుకుంటే నా ఎడమ చెయ్యి తీసేస్తాను, మాటిస్తున్నా. తేలేకపోతే ఇక వద్దులేమ్మా. వ్యాన్లో చోటు కూడా చాలట్లేదు."

చెప్పినదాంట్లో తప్పేముంది? వ్యాన్లో చోటు నిజంగానే చాలదు. నాకేం బాధగా లేదు.

మార్చి 9

నాకేం బాధగా లేదు.

మార్చి 11

నేను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో బస్తాల లాట్లు రిజిస్టర్లో ఎక్కిస్తూ, సార్ బయటికి వెళ్ళినప్పుడల్లా ఫోన్లో వెతికాను. సెకండ్ హ్యాండ్ బాస్ యాంపు. మద్రాసులో ఉంది, బెంగుళూరులో ఉంది, గుంటూరులో లేదు. చీరాల నుంచి ఒకాయన తన దగ్గరుందని ఫొటో పెట్టాడు. ఫోన్ చేస్తే "సూపర్ బాస్ అండీ, మా వాడరేవు ఇంట్లో సినిమా పెడితే కిటికీ అద్దాలు అదిరిపోతాయ్" అన్నాడు. అది హోమ్ థియేటరు. ఆయనకి సారీ చెప్పి పెట్టేశాను. పాపం, మళ్ళీ చేసి ధర తగ్గిస్తానన్నాడు.

అసలు వెతకడం కూడా ఊరికే. ఏముందో చూద్దామని.

మార్చి 14, శనివారం

గుంటూరులో సంగీత వాయిద్యాల షాపుకి వెళ్ళాను. కొనడానికి కాదు, చూడ్డానికి. గిటారు కూడా వెంట తీసుకెళ్ళాను, ఊరికే.

మూలన నల్లగా, మా ఇంట్లో బియ్యం డబ్బా అంత ఉంది. బాస్ యాంపు. షాపతను మంచివాడు, "వాయించి చూడండి మేడమ్" అని వైరు ఇచ్చాడు.

లావు తీగ మీటాను. వేలు తీశాక కూడా అది ఆగలేదు. చెవుల్లోకి రాలేదు ముందు. అరికాళ్ళలోంచి వచ్చింది. మోకాళ్ళు, కడుపు, గుండె దాటి చివరికి చెవికి చేరింది. అద్దాల బీరువాలో పిల్లనగ్రోవులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. ఓరి దేవుడా! రెండేళ్ళుగా నా ఒళ్ళో పెట్టుకుని తిరుగుతున్నది ఇదా? ఈ గొంతు దీనికి ఎప్పట్నుంచో ఉందా, నాకే తెలీలేదా? ఏడుపొచ్చేసింది. షాపులో నిలబడి ఏడ్చాను, సిగ్గులేకుండా.

ధర రాసిన అట్టముక్క వెనక్కి తిరిగి ఉంది. తిప్పి చూశాను. మళ్ళీ వెనక్కి తిప్పేశాను.

"ఎక్కడ వాయిస్తారు మేడమ్?" అని అడిగాడు. బయట, పొలాల్లో అన్నాను. అతను జాలిగా చూశాడు. "ఇది గదిలో ప్రాక్టీసుకండీ. గ్రౌండుకైతే దీనికి నాలుగింతలు ఉండాలి."

బస్సులో గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని వచ్చాను. నల్లపాడు దాకా తీగల మీద చెయ్యి పెట్టే ఉంచాను, అవి మళ్ళీ ఏమన్నా అంటాయేమోనని.

మార్చి 15, ఆదివారం

చర్చిలో వాయించాను. అమ్మ ఎప్పటిలాగే ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఎప్పటిలాగే అయ్యాక వచ్చి నా బుగ్గలు నిమిరి "బాగా వాయించావమ్మా" అంది.

వినపడిందా అని అడగాలనిపించింది. అడగలేదు. వారమంతా మిరపకాయల కల్లాల్లో వంగి వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరే మనిషి, ఆదివారం ఒక్కపూట కూతురు నిలబడి ఏదో వాయిస్తుంటే చూసి సంతోషపడుతుంది. చూసి. వినడం ఎక్కడ?

మార్చి 18

ఖాజావలి అన్న షెడ్డుకి వెళ్ళాను. రోడ్డు పక్కన ప్లైవుడ్ డబ్బాలు కోసి, స్పీకర్లు బిగించి ట్రాక్టర్లకి పాటలు పెడతాడు. మా వైపు ట్రాక్టరు కొన్నవాడు ముందు దానికి పూజ చేయిస్తాడు, తర్వాత ఖాజావలి అన్న దగ్గరికి తోలుకొస్తాడు. పొలం పనికెందుకురా అంత సౌండు అని ఎవరూ అడగరు.

చిన్న యాంపు ఏదన్నా చేసిస్తాడేమోనని అడిగాను. గిటారు తీసుకుని, తీగ లాగి, చెవి దగ్గర పెట్టుకుని నవ్వాడు.

"ఇంత లావు తీగకి చిన్న యాంపేంది చెల్లెమ్మా? ఏనుక్కి ఈల ఇచ్చినట్టు. దీనికి పెద్ద డబ్బా కావాలి. బుల్లయ్య గారి ట్రాక్టరు డబ్బా తెలుసుగా?"

తెలియనిదెవరికి? ఆయన పత్తి తోలుకుంటూ వస్తుంటే రెండు ఊళ్ళ అవతల తెలుస్తుంది.

"ఆయనకి దానికంటే పెద్దది కావాలంట. పాతది నాకిచ్చి కొత్తది పట్టుకుపోతానన్నాడు. పాతది నాకొస్తే నీకిస్తా. నెలనెలా ఇంతని ఇచ్చుకో, నీకు వీలైనంత. కానీ ముందు నీ గిటారు దాంట్లో పలుకుద్దో లేదో చూడాల. శనివారం ఆయన కల్లానికి పోదాం. గిటారుకీ డబ్బాకీ మధ్యలోకి చిన్న యాంపు ముక్క నేను పట్టుకొస్తా."

కొనేసినంత సంతోషంగా ఉంది. ఇంకా ఏమీ కాలేదు, తెలుసు. అయినా ఉంది.

మార్చి 21, శనివారం

ఇది సరిగ్గా రాయాలి. తొందరపడకుండా రాయాలి.

బుల్లయ్య గారి కల్లం ఊరి చివర. టార్పాలిన్ పట్టాల మీద తేజ రకం మిరపకాయ పరిచి ఉంది, చూపు ఆనినంత మేర ఎరుపు. రెండో కోత. ఎండింది, ఇవాళే బస్తాలకి ఎత్తుతున్నారు. గోనెలు దులుపుతూ ఆడవాళ్ళు, మధ్యలో తలగుడ్డ చుట్టుకుని బుల్లయ్య గారు. అమ్మ ఇవాళ వేరే రైతు దగ్గరికి వెళ్ళింది.

"ఏందిరా ఖాజావలీ, ఈ అమ్మాయా వాయించేది? కానీయండి కానీయండి, త్వరగా. బస్తాల పని ఉంది."

డబ్బా ట్రాక్టరు వెనక ట్రక్కులో ఉంది. నిలువెత్తు ఉంది. వైరు తగిలించి చూస్తే ట్రక్కు రేకులన్నీ గడగడమన్నాయి, స్వరం వినపడనే లేదు. అందుకని నలుగురు పట్టి డబ్బాని కిందకి, కల్లం అంచున నేల మీదకి దింపారు.

లావు తీగ మీటాను. వదిలేశాను.

షాపులో విన్నది దీని ముందు పసిపిల్ల గొంతు. నేల కదిలింది. నిజంగానే కదిలింది, నా చెప్పుల కింద. స్వరం కల్లం మీదుగా అవతలికి వెళ్ళింది. దాని వెనకే ఒక చప్పుడు లేచింది.

సన్నటి చప్పుడు. ముందు నా దగ్గర, తర్వాత కొంచెం దూరంగా, తర్వాత కల్లమంతా. నాకు తెలిసిన చప్పుడే. మిరపతోటల దగ్గర పుట్టినవాళ్ళు నిద్రలో విన్నా లేచి పరిగెత్తే చప్పుడు.

"వానే! వాన వాన!" అని ఎవరో కేకేశారు.

అంతే. గోనెలు ఎక్కడివక్కడ పడేసి ఆడవాళ్ళంతా పట్టాల మీదకి పరిగెత్తారు. బుల్లయ్య గారు పంచె ఎగ్గట్టి "కప్పండి! అటు చివర లాగండి! ఏందే చూస్తావ్!" అని అరుస్తూ దూకారు. నేనూ గిటారు మెడలో ఉండగానే ఒక పట్టా అంచు పట్టుకుని లాగాను. సగం కల్లం కప్పేశాక ఎవరో ఆకాశం చూశారు. ఒక్క మబ్బు లేదు. నెత్తి మాడే ఎండ.

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒంటి మీద ఒక్క చుక్క పడలేదు. చప్పుడూ ఆగిపోయింది.

"మళ్ళీ కొట్టు," అన్నాడు ఖాజావలి అన్న.

కప్పిన పట్టాలు తీశారు. మళ్ళీ మీటాను. మళ్ళీ వాన.

కాయలు! ఎండిన కాయల్లో గింజలు! కాయ ఎండిందో లేదో చూడ్డానికి గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపుతాం కదా, లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. ఆ గుప్పెడు చప్పుడే కల్లమంతా లేచింది. ఒక్క మనిషి చెయ్యి పెట్టకుండా, ఒక్క కాయ చోటు మారకుండా, ఆ ఎరుపంతా ఒకేసారి లోపల్లోపల మోగింది. నేను మీటితే. నేను, ఎవరికీ వినపడని ఫెబాని, మీటితే!

ఒకామె చెంపలేసుకుంది. ఇంకొకామె మోకాళ్ళ మీద కూర్చుని చెవి కాయల దగ్గర పెట్టింది. నేను మీటుతూనే ఉన్నాను, ఆపితే అది అబద్ధమైపోతుందేమోనని.

ముందు తేరుకున్నది బుల్లయ్య గారే. "ఆపమ్మాయ్, ఆపు! గింజ రాలిపోద్ది! కాయ రంగు పోద్ది!" అని చేతులూపారు. ఖాజావలి అన్న ఒక కాయ తీసి చీల్చి, ఏమీ రాలలేదని చూపించాక ఊరుకున్నారు.

అప్పుడు గమనించాను, పడమటి వైపు కొంత మేర చప్పుడు లేదు. నా చుట్టూ వాన, అక్కడ నిశ్శబ్దం. డబ్బాలో ఏదో లోపం, సౌండు అటు పోవట్లేదు అనుకున్నాను. ఖాజావలి అన్న కూడా అదే అన్నాడు, "స్పీకర్లో కోను చిరిగిందేమో." డబ్బాని అటు తిప్పించాడు. మీటాను. తిప్పినా అక్కడ ఉలుకు లేదు, పలుకు లేదు. దాని అవతల కాయ మోగుతోంది, ఇవతల కాయ మోగుతోంది, మధ్యలో మాత్రం లేదు. ఇంకేముంది, డబ్బా పోయినట్టే, ఈస్టర్ పోయినట్టే అనుకుని అక్కడే కూలబడ్డాను.

బుల్లయ్య గారు మాత్రం డబ్బా వంక చూడట్లేదు. కాయల వంక చూస్తున్నారు. నడుచుకుంటూ వెళ్ళి ఆ మూగ చోట మోచేతి దాకా చెయ్యి దూర్చారు. అడుగు కాయ పిడికెడు తీసి నలిపారు. నలగలేదు. మెత్తగా వంగింది.

"పచ్చి," అన్నారు. "అడుగంతా నిమ్ము."

పక్క పొలం నీళ్ళ పైపు కారి పట్టా కిందికి తేమ ఎక్కిందట. పైకి ఎండినట్టే కనిపిస్తోంది, కింద ఉడికిపోతోంది. ఇది బస్తాకెత్తి ఉంటే మంచి కాయకి కూడా బూజు పట్టేది. అలాంటి లాట్లు మా కోల్డ్ స్టోరేజీకి వస్తాయి, తెరవగానే ముక్కు మూసుకుంటాం. రైతు మొహం మాత్రం చూడలేం.

బుల్లయ్య గారు లేచి వచ్చారు. చెప్పులు విడిచారు. డబ్బా ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు.

"ఖాజావలీ, దీన్ని ఇవ్వన్రా. పెద్దదొద్దు, కొత్తదొద్దు. నా కాయని కాపాడిన డబ్బా ఇది. ప్రాణం పోయినా ఇవ్వను."

మార్చి 22

నా అద్భుతమే నా కొంప ముంచింది.

మార్చి 24

ఖాజావలి అన్న వెళ్ళి అడిగాడట. "డబ్బా కాదు బాబాయ్, పలికింది గిటారు" అని చెప్పాడట. బుల్లయ్య గారు వినట్లేదు. డబ్బాకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారట.

మెహర్ అన్న ఫోన్ చేశాడు, సౌండు సంగతి ఏమైందని. అయిపోయినట్టే అన్నా అని చెప్పాను. ఏ అర్థంలో తీసుకున్నాడో మరి.

మార్చి 27

బ్యాండు లేకపోతే ఏమైంది? నేను ఆ చప్పుడు విన్నాను. అది చాలు. చాలామంది బతుకంతా అలాంటిది వినకుండానే పోతారు.

చాలదు. అబద్ధం రాశాను. నాకు మళ్ళీ కావాలి.

మార్చి 29, మట్టల ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు బండి ఉంది. అరుగు మీద బుల్లయ్య గారు. ఆయన మా పేటకి రావడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కంగారుగా కుర్చీ తుడిచి వేసింది. మంచినీళ్ళు ఇవ్వాలా వద్దా అని గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయనే చెయ్యి చాపి తీసుకుని గటగటా తాగారు.

"అమ్మాయ్, అది పలకట్లేదు," అన్నారు.

"ఏదండీ?"

"డబ్బా. మళ్ళీ ఆరబోసి ఎండబెట్టిన కాయ దగ్గర నిన్న పెట్టి సినిమా పాటలన్నీ ఏశా. భక్తి పాటలు ఏశా. మా ఆవిడ సుబ్బరావమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది. ఊరు ఊరంతా అదిరింది గానీ కాయ మాత్రం కిక్కురుమనలా. నువ్వు కొట్టినట్టు ఒకే మోత సాగదీసి ఉంచదే అది. ధనాధనా బాదుతది, పోతది."

నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆయనా నవ్వారు, కొంచెం సిగ్గుపడుతూ.

"బుల్లయ్య గారూ, డబ్బా నాకివ్వండి. కాయ ఎత్తేముందు ఎప్పుడు పిలిచినా వచ్చి వాయిస్తాను. గిటారుతో సహా."

"ప్రతి కోతకీ?"

"ప్రతి కోతకీ. ఒట్టు."

"మా బావమరిది కల్లానికి కూడా?"

"వస్తానండీ."

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టి లేచారు. "సరే. కొత్తది నేను ఖాజావలి దగ్గర తెచ్చుకుంటా, నువ్వు ఇచ్చేది ఖాజావలికిచ్చుకో, డబ్బా నీది. నీ ఈస్టరుకి ట్రాక్టర్ మీద నేనే తోలుకొస్తా. దింపేటప్పుడు మీవోళ్ళు జాగర్తగా దింపాల."

ఆయన వెళ్ళాక అమ్మ అడిగింది, "ఏం డబ్బానే? కాయ ఏంది, పలకడం ఏంది?" చెప్పాను. నమ్మలేదు. "ఎండలో తిరిగి తిరిగి నీకు తల తిరుగుతోంది, నిమ్మకాయ నీళ్ళు తాగు" అంది.

ఏప్రిల్ 5, ఈస్టర్

ఇంకా చీకటిగా ఉండగానే జనం వచ్చేశారు. కోత అయిపోయిన పొలంలో పట్టాలు పరిచారు, మిరపకాయకి పరిచే పట్టాలే, ఘాటు పోలేదు. ప్రార్థన మధ్యలో తుమ్ములు. బుల్లయ్య గారు ట్రాక్టరు తోలుకొచ్చి దగ్గరుండి డబ్బా దింపించారు. ఇంటికి పోతారనుకుంటే గట్టు మీద కూర్చున్నారు. డబ్బా మీద కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి. పాస్టర్ గారు చూశారు. ఏమంటారోనని భయపడ్డాను. తన భుజం మీది తెల్ల కండువా తీసి డబ్బా మీద కప్పి, "మొదలుపెట్టండమ్మా" అన్నారు.

తూర్పున కొంచెం ఎరుపు. మెహర్ అన్న మొదటి పాట ఎత్తుకున్నాడు, రెండు చేతులతోనూ. ఎడమ చెయ్యి తియ్యలేదు. నన్ను నమ్మలేదు.

లావు తీగ మీటాను.

నేల కింద నుంచి వెళ్ళింది అది. పట్టాల కిందగా, కూర్చున్న జనం కిందగా వెళ్ళింది. వరస వరసగా తలలు లేవడం చూశాను. చంటిపిల్లలు ఏడుపు ఆపేశారు. కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న ముసలాయన కళ్ళు తెరిచి తన అరచేతులు చూసుకున్నాడు. సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు, ఆ స్వరమే వాణ్ణి కింద నుంచి ఎత్తుతోందని నాకనిపించింది. అనిపిస్తే అనిపించింది, ఇది నా డైరీ.

పల్లవి రెండోసారికి మెహర్ అన్న వంక చూశాను. అతను నా వంక చూడట్లేదు. డబ్బా వంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎడమ చెయ్యి కీబోర్డు మీద లేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు, బడిలో పిల్లాడిలా. కుడి చేత్తో మాత్రమే వాయిస్తున్నాడు. ఆఖరి పాట దాకా ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

అమ్మ ముందు వరసలో ఉంది. అందరూ పాడుతున్నారు, అమ్మ పాడట్లేదు. చెప్పులు తీసి పక్కన పెట్టింది. తాలుకాయలు ఏరి ఏరి పగిలిన ఆ రెండు చేతుల్నీ నేల మీద ఆనించి, తల వంచుకుని కూర్చుంది.

అయ్యాక మెహర్ అన్న వచ్చాడు. "వచ్చే శనివారం ఒంగోలు. డబ్బాకి వ్యాన్లో చోటు చేస్తాను" అన్నాడు. కీబోర్డు సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు. గట్టు మీద నుంచి బుల్లయ్య గారు "బుధవారం మూడో కోత ఎత్తుతున్నాం, మర్చిపోకు!" అని కేకేశారు.

అమ్మ వచ్చింది. ఎప్పటిలాగే బుగ్గలు నిమరబోయింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. "బాగా వాయించావమ్మా" అనలేదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇదా?" అంది. కళ్ళ నిండా నీళ్ళు. "ఇన్నాళ్ళూ నువ్వు వాయించింది ఇదా, ఫెబమ్మా?"

"ఇదేనమ్మా," అన్నాను.